బీఎస్సీ మీదుగా మెడికల్ సీటు: రావిర్యాల నుంచి ఒక లెక్క

2025 జూన్ 14న నీట్ ఫలితాలొచ్చాయి. ఆ సాయంత్రం రావిర్యాలలో, మా వాడలో, ఒకరింటి ముందు జిలేబీలు పంచారు. బిడ్డ నీట్‌లో క్వాలిఫై అయింది. తల్లి ఎయిర్‌పోర్టులో కాంట్రాక్టు మీద పారిశుధ్య పని చేస్తుంది, తండ్రి ట్రాలీ ఆటో నడుపుతాడు. ఫోన్‌లో 'క్వాలిఫైడ్' అన్న మాట కనబడగానే ఆ ఇంట్లో అందరూ బిడ్డ డాక్టరైనట్టే అనుకున్నారు. తెల్లారి ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి మార్కులు చెప్పింది. వాటికి ఎస్సీ కోటాలో కూడా కన్వీనర్ సీటు రాదని ఆమెకు ముందే తెలుసు. అడగడానికి వచ్చిన సంగతి వేరు.

"అన్నా, లాంగ్ టర్మ్ పోదామంటే పైసల్లేవు. బీఎస్సీల చేరి, డిగ్రీ చదువుకుంటనే నీట్ రాస్తే అయితదా? అమెరికాల డిగ్రీ అయినంకనే డాక్టర్ చదువుతరట గదా. మనకాడ గూడ అట్ల తొవ్వ ఉంటదా?"

ఇది ఒక్క అమ్మాయి ప్రశ్న కాదు. ఏటా నీట్ ఫలితాలకూ దోస్త్ చివరి విడత గడువుకూ మధ్య ఉండే కొద్ది రోజుల్లో గురుకులాల నుంచి, ప్రభుత్వ జూనియర్ కాలేజీల నుంచి బైపీసీ పాసైన మన పిల్లలు ఇదే ప్రశ్నతో నిలబడతారు. ఇంట్లో చెప్పగలిగినవాళ్లు ఉండరు. కోచింగ్ సెంటర్‌ను అడిగితే కోచింగ్‌లో చేరమంటుంది, డిగ్రీ కాలేజీని అడిగితే డిగ్రీలో చేరమంటుంది. ఆ రోజు నేను చెప్పింది కూడా సగం జవాబే. మిగతా సగం కోసం నిబంధనలు తిరగేశాను.

ముందు ఊరి సంగతి. రావిర్యాల మహేశ్వరం మండలంలోది, తుక్కుగూడ మున్సిపాలిటీలో కలిసింది. బయటివాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్‌గా, వండర్‌లా ఉన్న చోటుగా తెలుసు. ఫ్యాబ్ సిటీ ఇక్కడే. విజయ డెయిరీ మెగా ప్లాంటు 2023లో ఇక్కడే మొదలైంది. పక్కన కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్. ఇంటర్ అయిన పిల్లలను ఏదో ఒక పనిలోకి లాగడానికి చుట్టూ కావలసినన్ని గేట్లున్నాయి. నెల తిరిగేసరికి జీతం పడే గేట్లు అవి.

రాజకీయంగా కూడా ఈ నేల మీద మన పేరు చాలాసార్లు వినబడింది. 2021 ఆగస్టు 18న కాంగ్రెస్ పార్టీ దళిత గిరిజన ఆత్మగౌరవ దండోరా సభ పెట్టింది రావిర్యాలలోనే. 2023 ఆగస్టు 26న ఇదే జిల్లాలోని చేవెళ్లలో ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించింది. ఇంటర్ పాసైతే 15 వేలు, డిగ్రీ పాసైతే 25 వేలు ఇస్తామని అందులో ఉంది. మూడు వారాల తర్వాత, సెప్టెంబర్ 17న, తుక్కుగూడలో ఆరు గ్యారంటీలు చదివారు. వాటిలో యువ వికాసం కింద విద్యార్థికి ఐదు లక్షల రూపాయల విద్యా భరోసా కార్డు ఉంది. ఆ సభాస్థలికి మా వాడ నుంచి ఆటోలో పోవచ్చు. కార్డు మాత్రం మా వాడలో ఇంతవరకు ఎవరి చేతికీ రాలేదు. వచ్చి ఉంటే ఆ అమ్మాయి నన్ను అడగాల్సిన ప్రశ్నే ఉండేది కాదు. లాంగ్ టర్మ్ ఫీజు, హాస్టల్ ఖర్చు కట్టి ఏడాది కూర్చునేది.

2024లో మహేశ్వరం పేరు మీద ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది, 50 సీట్లతో. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఐదున్న ప్రభుత్వ వైద్య కళాశాలలు 34 అయ్యాయి. ఇది చిన్న విషయం కాదు, పార్టీలు ఎవరివైనా దీన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ 50 సీట్లను విడదీసి చూడండి. 15 శాతం అఖిల భారత కోటాకు పోతే మిగిలేది 42. అందులో ఎస్సీలకు 15 శాతమంటే ఆరు. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన వర్గీకరణ చట్టం ప్రకారం మాదిగ, అనుబంధ కులాలున్న రెండో గ్రూపు 9 శాతానికి సుమారు నాలుగు, మాల, అనుబంధ కులాలున్న మూడో గ్రూపు 5 శాతానికి రెండు. అన్నిటికన్నా వెనకబడిన మొదటి గ్రూపుకు ఒక్క శాతం, అంటే ఇక్కడ అర సీటు కూడా కాదు. సీట్ల భర్తీ రాష్ట్రం మొత్తం మీద జరుగుతుంది కాబట్టి ఇది అంచనా లెక్కే. అయినా మండలం పేరు మీద మెడికల్ కాలేజీ రావడం వేరు, మండలంలోని దళితవాడ ఆ కాలేజీలోకి పోవడం వేరు అని చెప్పడానికి ఈ మాత్రం చాలు.

ఇక అమెరికా మాట. అక్కడ నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత ఎంక్యాట్ పరీక్ష, ఆ తర్వాత నాలుగేళ్ల మెడికల్ స్కూల్. ప్రీమెడ్ అనేది డిగ్రీ పేరు కాదు. ఏ డిగ్రీ చేసినా బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్‌లలో మెడికల్ స్కూళ్లు అడిగే కోర్సులు పూర్తిచేసే ప్రణాళిక. అంటే అక్కడ డిగ్రీకీ ప్రవేశ పరీక్షకూ చుట్టరికం ఉంది. డిగ్రీలో చదివిందే పరీక్షలో అడుగుతారు, డిగ్రీ మార్కులను కూడా చూస్తారు. అమెరికాలో ఉన్న బంధువుల పిల్లలను చూసి, వీడియోలు చూసి మన పిల్లలు అది అందరికీ తెరిచిన బాట అనుకుంటున్నారు. ఆ బాట ఎట్లా పడిందో ఎవరూ చెప్పరు.

1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే విద్యావేత్త అమెరికా, కెనడాల్లోని మెడికల్ స్కూళ్లన్నీ చూసి ఒక నివేదిక రాశాడు. వైద్యంలో చేరేముందు కనీసం రెండేళ్లు కాలేజీలో సైన్స్ చదివి ఉండాలన్నది అందులోని ప్రధాన సిఫారసుల్లో ఒకటి. నాసిరకం స్కూళ్లు మూతబడ్డాయి, వైద్యవిద్య ప్రమాణం పెరిగింది. నిజమే. అదే ఊపులో నల్లజాతి విద్యార్థులకున్న ఏడు మెడికల్ స్కూళ్లలో ఐదు మూతబడ్డాయి. హోవర్డ్, మెహారీ రెండే మిగిలాయి. రెండేళ్ల కాలేజీ చదువుకు డబ్బు ఎవరికుంది, ఆ కాలేజీలు ఎవరిని రానిచ్చేవి అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. 2020లో అమెరికా వైద్య కళాశాలల సంఘం తాను ఏటా ఇచ్చే అవార్డు నుంచి ఫ్లెక్స్‌నర్ పేరు తీసేసింది. నూటపదేళ్లు పట్టింది.

మన దగ్గరా ఇలాంటి కథ ఉంది. బ్రిటిష్ కాలంలో మెట్రిక్ తర్వాత మెడికల్ స్కూల్లో చదివి లైసెన్షియేట్ అయ్యే దారి ఉండేది. స్వాతంత్ర్యానికి ముందు ఈ దేశంలోని డాక్టర్లలో ఎక్కువమంది ఎంబీబీఎస్‌లు కాదు, ఈ లైసెన్షియేట్లే. 1946లో భోర్ కమిటీ దేశానికి ఒకే రకం డాక్టర్ ఉండాలని చెప్పింది. క్రమంగా ఆ చిన్న దారి మూతబడింది. ఊళ్లకు సగం డాక్టర్లు వద్దు, పూర్తి డాక్టర్లే కావాలన్న వాదనను నేను కాదనను. మన వాడలకు మూడేళ్ల డాక్టరు, వాళ్ల కాలనీలకు ఎంబీబీఎస్ అంటే నేనూ ఒప్పుకోను. కానీ ప్రమాణం పెంచే ప్రతిసారీ ఎవరు గడప బయట మిగిలారో లెక్కపెట్టే అలవాటు మనకుండాలి.

ఇప్పుడు మన నిబంధన. నీట్ సమాచార పుస్తకంలో చాలా ఏళ్లుగా అర్హత కోడ్‌ల పట్టిక ఒకటి ఉంటోంది. ఇంటర్ పాసైనవారికి ఒక కోడ్. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలతో డిగ్రీ మొదటి సంవత్సరం యూనివర్సిటీ పరీక్ష పాసైనవారికి ఇంకొకటి. ఆ మూడింటిలో కనీసం రెండు సబ్జెక్టులతో బీఎస్సీ పాసై, అంతకుముందు ఇంటర్‌లో మూడూ చదివినవారికి మరొకటి. కాబట్టి కాగితం మీద బీఎస్సీ వాళ్లకు తలుపు తెరిచే ఉంది. ఆ కోడ్ వల్ల ఒరిగేదేమిటి? ఒక్క మార్కు కలవదు, ఒక్క సీటు వేరుగా ఉండదు. బీఎస్సీలో తొంభై శాతం తెచ్చుకున్నా, ఇంటర్‌తో ఆగిపోయినా, నీట్ ముందు ఇద్దరూ ఒకటే. మన దేశంలో బీఎస్సీ ఎంబీబీఎస్‌కు మెట్టు కాదు. నీట్ మళ్లీ మళ్లీ రాయడానికి కూర్చునే అరుగు.

అరుగు మీద ఎన్నాళ్లు కూర్చోవచ్చన్నది కూడా ఈ మధ్యే తేలింది. 2018లో నీట్‌కు గరిష్ఠ వయసు 25 ఏళ్లు, రిజర్వుడు వర్గాలకు 30 అని పెట్టారు. కోర్టు కేసులు నడిచాయి. 2022లో జాతీయ వైద్య కమిషన్ ఆ పరిమితి తీసేసింది. ఇప్పుడు 17 నిండితే చాలు, పై వయసు లేదు. డిగ్రీ అయ్యాక, పెళ్లయ్యాక, నలభై ఏళ్లకు కూడా రాయొచ్చు. ఇది మనకు మేలే, సందేహం లేదు. ఆలస్యంగా బడికి పోయినవాళ్లు, మధ్యలో పనికిపోయి తిరిగొచ్చినవాళ్లు మన వాడల్లోనే ఎక్కువ. కాకపోతే ఎన్నిసార్లైనా రాయొచ్చు అనే స్వేచ్ఛ ఎన్నిసార్లైనా కోచింగ్ కొనగలిగినవాడికి ఇంకా పెద్ద స్వేచ్ఛ.

తమిళనాడు ప్రభుత్వం వేసిన జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక ఈ విషయం అంకెల్లో చూపించింది. ఆ రాష్ట్రంలో ఎంబీబీఎస్‌లో చేరినవాళ్లలో రెండోసారి, మూడోసారి పరీక్ష రాసినవాళ్లు 2016–17లో సుమారు 12 శాతం. 2020–21 నాటికి 71 శాతం. నాలుగేళ్లలో పరీక్ష స్వభావమే మారిపోయింది. అరియలూర్ జిల్లా దళిత బిడ్డ అనిత ప్లస్ టూలో 1200కు 1176 మార్కులు తెచ్చుకొని, నీట్‌లో వెనకబడి, సుప్రీంకోర్టు దాకా పోయి, 2017 సెప్టెంబర్ 1న మనకు దక్కకుండా పోయింది ఈ మార్పు మొదలైన ఏడాదే. మొదటిసారి రాసేవాడు ఇప్పుడు పోటీపడేది తన ఈడువాడితో కాదు. ఏడాదో రెండేళ్లో హాస్టల్లో కూర్చుని అదే పుస్తకం పదిసార్లు తిప్పినవాడితో.

అందుకే డిగ్రీ చేస్తూ నీట్ రాయడమంటే ఏమిటో సూటిగా చెప్పుకోవాలి. లాంగ్ టర్మ్‌కు డబ్బు లేనివాళ్ల లాంగ్ టర్మ్ అది.

అది ఎందుకు కష్టమో నాకు తెలుసు. 2008లో బైపీసీ పాసై ఎంసెట్‌లో సీటు రాక నగరంలోని ఒక డిగ్రీ కాలేజీలో బీజెడ్‌సీలో చేరాను. మళ్లీ రాస్తానని ఇంట్లో చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. మొదటి ఏడాది రాశాను, రాలేదు. రెండో ఏడాది పుస్తకం తెరిస్తే ఫిజిక్స్ సూత్రాలు పరాయి భాషలా కనిపించాయి. బీజెడ్‌సీ అంటే బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. ఫిజిక్స్ లేదు. పదిహేను నెలలు దాన్ని ముట్టలేదు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం ల్యాబ్, సాయంత్రం శంషాబాద్‌లో ఒక మందుల దుకాణంలో పని. మూడో ఏడాది దరఖాస్తే పెట్టలేదు. ఎవరూ నన్ను ఆపలేదు. ఆశ దానంతటదే సెమినార్ పేపర్ల కింద అణిగిపోయింది. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను, దానికి చింత లేదు. నాతో చేరిన వాడపిల్లలు ఇంకో ముగ్గురి సంగతి మాత్రం అడగొద్దు.

ఆ ఫిజిక్స్ సంగతి ఇప్పటికీ అంతే. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. బయాలజీకి 360, కెమిస్ట్రీకి 180, ఫిజిక్స్‌కు 180. బీజెడ్‌సీలో గానీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ గ్రూపుల్లో గానీ సాధారణంగా ఫిజిక్స్ ఉండదు. అంటే పావు వంతు పరీక్షను డిగ్రీ అసలు తాకదు. కెమిస్ట్రీని తాకుతుంది గానీ వేరే మెట్టు మీద. బయాలజీలో డిగ్రీ లోతుకు పోతుంది, నీట్ అడిగేది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని వాక్యం. డిగ్రీలో మంచి విద్యార్థిగా ఉండటమే నీట్‌కు అడ్డం వచ్చే విచిత్రం ఇక్కడ జరుగుతుంది. పైగా గత మూడేళ్లుగా నీట్ మే మొదటి ఆదివారం పెడుతున్నారు. సరిగ్గా డిగ్రీ సెమిస్టర్ పరీక్షల ఎండాకాలం అది. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంట్లో కూర్చుని చదివే వీలూ లేదు.

జిలేబీలు పంచిన ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే 'క్వాలిఫై' అన్న మాట మన ఇళ్లలో చేస్తున్న మోసం తక్కువది కాదు. 2025లో జనరల్‌కు 50 పర్సంటైల్, అంటే 144 మార్కులు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 పర్సంటైల్, 113 మార్కులు. పరీక్ష రాసిన 22 లక్షల మందిలో 12 లక్షలకు పైగా క్వాలిఫై అయ్యారు. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు. క్వాలిఫై అయిన ప్రతి పదిమందిలో ఒక్కరికి సీటు. మరి మిగతా తొమ్మిది మందిని అర్హులని ఎందుకంటారు? తెలంగాణ ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ సీటు ఫీజు ఏడాదికి 60 వేలు. బి కేటగిరీ సీటు ఏడాదికి 11 లక్షలు దాటుతుంది, ఎన్ఆర్ఐ సీటు దాని రెట్టింపు దాకా పోతుంది. ఆ సీట్లు నిండాలంటే కటాఫ్ కింద ఉండాలి. 144 మార్కులు వచ్చి, చేతిలో అరకోటికి పైగా ఉన్నవాడు డాక్టరవుతాడు. అంతకన్నా ఎక్కువ మార్కులు వచ్చిన దళిత బిడ్డ డిగ్రీలో చేరుతుంది. మెరిట్ పోయిందని మన రిజర్వేషన్ మీద పడి ఏడ్చేవాళ్లు ఈ లెక్క జోలికి రారు.

ఇంత చెప్పి, బీఎస్సీలో చేరవద్దని చెబుతానా? ఆ అమ్మాయికి చేరమనే చెప్పాను. ఏడాది ఖాళీగా ఇంట్లో ఉంటే ఆడపిల్లకు చదువు ఉండదు, పెళ్లి సంబంధమో కంపెనీ బస్సో వస్తుంది. డిగ్రీలో పేరుంటే కనీసం మూడేళ్లు బయటికి పోయి రావడానికి ఒక కారణం ఉంటుంది. కాకపోతే డిగ్రీని నీట్ కోసం ఎంచుకోవద్దు, డిగ్రీ కోసమే ఎంచుకోవాలి. సీటు రాకపోయినా ఆ మూడేళ్లు వృథా కాకూడదు. బీఎస్సీ మీద ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా పోయినవాళ్లు మెడికల్ కాలేజీలోనే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ వంటి విభాగాల్లో పాఠాలు చెప్పే దారి ఉంది. 2025 జూలైలో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన అధ్యాపక నిబంధనలు ఆ దారిని కాస్త వెడల్పు చేశాయి. నర్సింగ్ గురించి ఒక మాట. నర్సింగ్ గొప్ప వృత్తి, మా ఇంట్లోనూ నర్సులున్నారు. కానీ బైపీసీ చదివిన దళిత అమ్మాయికి 'నర్సింగ్ తీసుకో, త్వరగా సెటిల్ అవుతావు' అని సలహా ఇచ్చే మాస్టారు, అవే మార్కులున్న పక్కింటి అమ్మాయికి 'ఇంకో ఏడాది ట్రై చెయ్యి' అంటాడు. ఆ తేడాను గమనించండి.

నీట్ ప్రయత్నానికి గడువు కూడా పెట్టుకోమని చెప్పాను. నా లెక్కలో డిగ్రీ మొదటి ఏడాది రాసేదే అసలైన రెండో ప్రయత్నం. ఇంటర్ పాఠాలు ఇంకా తలలో ఉంటాయి. అప్పుడు మార్కులు బాగా పెరిగితే రెండో ఏడాది రాయాలి. పెరగకపోతే ఎందుకు పెరగలేదో నిజాయితీగా చూసుకోవాలి. నాలాగా చెప్పకుండా మానేయడం కన్నా తేల్చుకొని మానేయడం నయం.

విద్యార్థి సంఘాలవాళ్లకు ఇక్కడ పని ఉంది. డిగ్రీ మధ్యలో మెడికల్ సీటు వచ్చినవాళ్లకు మొదట ఎదురయ్యేది టీసీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపే ప్రైవేటు కాలేజీలు ఎన్నో. 2025 నవంబర్‌లో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలే బంద్‌కు దిగాయంటే పరిస్థితి ఊహించుకోండి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య తగువులో కౌన్సెలింగ్ గడువు దాటిపోయేది మన బిడ్డకు. కాబట్టి డిగ్రీలో చేరేటప్పుడే ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువీకరణ పత్రం ఒరిజినల్స్ అన్నీ స్కాన్ చేసి పెట్టుకోవాలి. ఏ పత్రం ఎందుకు తీసుకున్నారో కాలేజీ నుంచి రసీదు రాయించుకోవాలి. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు వేరుగా తీసి పెట్టాలి. రాష్ట్రంలో వరుసగా నాలుగేళ్లు చదివితేనే స్థానికులన్న 2024 నిబంధనను 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు సమర్థించింది. ఎయిర్‌పోర్టు చుట్టూ కర్నూలు నుంచి, రాయచూరు నుంచి పనికొచ్చిన దళిత కుటుంబాలున్నాయి. బిడ్డ తొమ్మిదో తరగతి అక్కడ చదివితే ఇక్కడ స్థానికేతరురాలు. ఆ ఇళ్లకు ఈ మాట ముందే చేరాలి.

రెండోది స్కాలర్‌షిప్. 'ఒక డిగ్రీ చదివావు, ఇంకో డిగ్రీకి ఇవ్వం' అని కౌంటర్ దగ్గర చెప్పడం మామూలు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు 2010లో కేంద్రం సవరించిన మార్గదర్శకాల్లో ఒకే స్థాయిలో మరో కోర్సు చదివితే ఇవ్వరాదని ఉన్నమాట నిజమే. దాని పక్కనే ఇంకో నిబంధన ఉంది: ఆర్ట్స్, సైన్స్, కామర్స్ డిగ్రీ పాసైనా ఫెయిలైనా, ఆ తర్వాత వృత్తి విద్యా కోర్సులో చేరితే ఇతర అర్హతలుంటే స్కాలర్‌షిప్ ఇవ్వాలని. కౌంటర్లో మొదటిదే చదువుతారు. రెండోది మనం చదివి వినిపించాలి. రాష్ట్రం ఈ సంగతిని ఒక్క సర్క్యులర్‌తో తేల్చేయొచ్చు. కేంద్ర పథకంలో ఆదాయ పరిమితి రెండున్నర లక్షలన్నది ఇంకో ముడి. తల్లీ తండ్రీ ఇద్దరూ కాంట్రాక్టు పనిలో ఉండి చెరో పన్నెండు వేలు తెచ్చుకుంటే ఏడాదికి 2 లక్షల 88 వేలు. నెలనెలా బ్యాంకులో జీతం పడుతున్నందుకు ఆ ఇల్లు పేదరికం నుంచి బయటపడ్డట్టు లెక్క.

మూడోది మన గురుకులాలు. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఇంటర్ స్థాయిలో గౌలిదొడ్డి వంటి చోట్ల నీట్ శిక్షణ ఇచ్చి పిల్లలను మెడికల్ కాలేజీలకు పంపాయి. ఇది మనం పోరాడి కాపాడుకోవాల్సిన పని. 2016లో మహిళా గురుకుల డిగ్రీ కళాశాలలు కూడా మొదలయ్యాయి. అక్కడ హాస్టల్ ఉంది, ల్యాబ్ ఉంది, బైపీసీ చదివిన వందలమంది అమ్మాయిలున్నారు. బీఎస్సీ మొదటి ఏడాదిలో కోరుకున్నవాళ్లకు రోజుకు రెండు గంటలు ఫిజిక్స్, వారానికో నమూనా పరీక్ష, మే మొదటి ఆదివారానికి దూరంగా సెమిస్టర్ టైంటేబుల్. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. చేవెళ్లలో, తుక్కుగూడలో చదివిన హామీల ఖర్చుతో పోలిస్తే ఇది ఏపాటిది? తమిళనాడు 2020లో ప్రభుత్వ బడి పిల్లలకు మెడికల్ సీట్లలో ఏడున్నర శాతం కేటాయించింది, మద్రాసు హైకోర్టు దాన్ని నిలబెట్టింది. తెలంగాణ గురుకుల, ప్రభుత్వ కాలేజీ పిల్లలకు అలాంటిది ఎందుకు ఉండకూడదని ఇక్కడి దళిత ఎమ్మెల్యేల్లో ఒక్కరైనా అసెంబ్లీలో నిలబడి గట్టిగా అడగాలి.

డిగ్రీవాళ్లకు వేరే దారి పెట్టాలన్న వాదన కూడా వినిపిస్తోంది. బ్రిటన్‌లో 2000 నుంచి డిగ్రీ చేసినవాళ్లకు నాలుగేళ్ల వైద్యకోర్సు నడుస్తోంది, బడి నుంచి నేరుగా చేరే దారి మూయకుండానే. అట్లా పక్కన ఇంకో తలుపు పెడితే స్వాగతిద్దాం. అమెరికాలా డిగ్రీ తప్పనిసరి చేస్తే మాత్రం మొట్టమొదట వ్యతిరేకించాల్సింది మనమే. ఫ్లెక్స్‌నర్ తర్వాత మూతబడిన ఆ ఐదు స్కూళ్లను మరిచిపోవద్దు.

ఆ అమ్మాయి దోస్త్‌లో బీజెడ్‌సీ తీసుకుంది. రావిర్యాల నుంచి కాలేజీకి రెండు బస్సులు మారాలి. రెండో బస్సులో ఎక్కువగా సీటు దొరుకుతుందట, అక్కడే ఫిజిక్స్ చదువుతోంది. ఆదివారాలు నా పాత గదిలో ఇంకో నలుగురితో కలిసి లెక్కలు చేస్తున్నారు. వాళ్లలో ఒకబ్బాయి ఎంపీసీ చదివాడు, ఫిజిక్స్ అతనే చెబుతాడు. పోయిన వారం సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడుంటాయని కాలేజీలో అడిగిందట. టైంటేబుల్ ఇంకా రాలేదన్నారు.